పూత లేదు

యజ్ఞనారాయణకు ఎవరంటే గౌరవమో చెప్పడం కష్టం. ఎవరంటే చులకనో చెప్పమంటే పొద్దు చాలదు. ముప్పై నాలుగేళ్లు కాకినాడలో వృక్షశాస్త్రం చెప్పి, రిటైరై ప్రగతి నగర్‌లో స్థిరపడ్డ మనిషి. ఆయన లెక్కలో హైటెక్ సిటీలో మెడకు కార్డు తాడేసుకుని తిరిగే ప్రతివాడూ గన్నేరుకీ గరుడవర్ధనానికీ తేడా తెలియని వెధవే. "అద్దాల మేడలు కట్టి లోపల ప్లాస్టిక్ మొక్కలు పెట్టారే! వాటిని తడిగుడ్డతో తుడవడానికి మళ్లీ ఒక మనిషి!" అని భార్య దగ్గర ఈసడించుకునేవాడు. "మరి మీరెందుకండీ ఏటా తొలకరి పడ్డాక రెండు మూడు నెలలు, వారానికి రెండుసార్లు అక్కడికే పరుగెడతారు?" అని భ్రమరాంబ అడిగితే మాత్రం గొంతు తగ్గేది.

"తీగ కోసం."

కొత్తగూడకు కూతవేటు దూరంలో ఒక పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీ ఆవరణ ఉంది. దాని వెనక వైపు, ఎవరి పుణ్యమో, అరెకరం బండలు పేల్చకుండా మిగిలిపోయాయి. ఆ బండల సందులోంచి చెయ్యంత లావున ఒక తీగ లేచి, నెమలినార చెట్టును చుట్టుకుని, పైకెక్కి కొమ్మలన్నీ కప్పేసింది. మూడేళ్ల కిందట ఆ కంపెనీవాళ్లు తమ పచ్చదనం గురించి నాలుగు మంచిమాటలు చెప్పించుకోవడానికి ఆయన్ను పిలిచి, ఒక టోపీ, ఒక నీళ్ల సీసా చేతిలో పెట్టి ఆవరణంతా తిప్పారు. ఆయన ఆ తీగ ఆకు ఒకటి తుంపి తిరగేశాడు. అడుగున వెండి రంగు నూగు. ఒళ్లు ఝల్లుమంది.

ఆ ఆకును బట్టి అది మూడు జాతుల్లో ఏదైనా కావచ్చు. రెండు ప్రతి కంచె మీదా పాకేవే. మూడోది నడి అడవిలో కూడా ఎప్పుడో గాని కంటబడదు. ఆయన తన ఉద్యోగకాలమంతా దాన్ని అట్ట మీద అతికించిన ఎండుటాకుగానే చూశాడు. పూలు పూస్తుండగా చూశానని చెప్పినవాణ్ణి ఒక్కణ్ణీ ఎరగడు. ఇది ఆ మూడోదేనా కాదా అని తేల్చేది పువ్వొక్కటే: ఐదు కొసలు, పువ్వు గొంతులో ఊదా మరక అని పాత పుస్తకాల్లో ఉంది. పువ్వు చూస్తే చాలు, ఇంక ఈ జన్మకి ఏమీ అక్కర్లేదనుకున్నాడు.

ఆవరణ వ్యవహారాలు చూసే మేనేజరు ఆదర్శ్, విజయవాడ కుర్రాడు, మర్యాదస్థుడే. "సర్, ఆ ప్యాచ్ ఎప్పటికైనా డెవలప్ చేసేదేనండి. కాకపోతే మా గ్రీన్ పాలసీలో ఒక క్లాజ్ ఉంది. రేర్ ప్లాంట్ అయ్యుండి, రెండు సీజన్లు పూసినట్టు రికార్డ్ ఉంటే దాన్ని టచ్ చేయం" అన్నాడు. "రికార్డు సంగతి నాకు వదిలెయ్" అన్నాడు యజ్ఞనారాయణ. గాడిదకేం తెలుసు గంధపు వాసన అని మనసులో అనుకున్నాడు కూడా.

ఆ మాటకొస్తే రికార్డు రాయడంలో ఆయన్ను కొట్టేవాడు లేడు. నల్లగుడ్డ అట్ట వేసిన పెద్ద రిజిస్టరు, ఇంకు పెన్ను. కన్నదీ విన్నదీ తేదీతో, వేళతో రాయాలి. రాసింది కొట్టెయ్యకూడదు. పేజీ చింపకూడదు. ముప్పై నాలుగేళ్లు పిల్లల నెత్తిన మొట్టి మరీ నేర్పిన సూత్రాలివి. పొద్దున్నే స్నానం, సంధ్య, ఫిల్టరు కాఫీ ముగించుకుని, బస్సూ మెట్రో మారి, తొమ్మిదింటికి పాసులిచ్చే కిటికీ తెరవగానే పాసు తీసుకుని, తొమ్మిదిన్నరకల్లా తీగ కింద నిలబడేవాడు. మెడ నొప్పెట్టేదాకా పైకి చూసేవాడు. కింద నున్నగా ఊడ్చిన నేల, పైన ఆకులు. పెన్ను తీసి రాసేవాడు: 'పూత లేదు.'

ఎండపొడ తగిలాక గాని ఈ కుటుంబపు తీగలు విచ్చుకోవని ఆయన సిద్ధాంతం. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లన్నమాట. అందుకని పెందలాడే రావాలన్న ఆలోచనే ఆ బుర్రకు తట్టలేదు. మొదటి ఏడు పూత లేదు. రెండో ఏడు పూత లేదు. మూడో ఏడూ పూత లేదు.

నాలుగో ఏడు జూన్ నెల, ఒక బుధవారం నాడు ఆదర్శ్ ఆయన్ను ఏసీ గదిలో కూర్చోబెట్టి, గ్రీన్ టీ ఇచ్చి, తెర మీద ఒక బొమ్మ చూపించాడు. బండలు లేవు, చెట్టు లేదు. నీలం రంగు పూసిన చదునైన నేల, మధ్యలో వల.

"పికిల్‌బాల్ కోర్టండి. ఎంప్లాయీస్ చాలా రోజులుగా అడుగుతున్నారు. ఎల్లుండి పదింటికి జేసీబీ వస్తుంది."

"ఊరగాయ బంతా? మరి తీగో?"

"అప్రూవల్‌కి మీ రిపోర్టులే అటాచ్ చేశాం సర్. అరవై ఎనిమిది విజిట్లు, అరవై ఎనిమిదిసార్లూ 'పూత లేదు'. ఇంత క్లీన్ డేటా నేనెక్కడా చూళ్లేదు." నిజంగానే మెచ్చుకున్నాడు ఆ అబ్బాయి. వెటకారం కూడా కాదు.

యజ్ఞనారాయణ లేచి వచ్చేశాడు. దారి పొడుగునా ఆ కంపెనీని, అందులోవాళ్లను, వాళ్లకు చదువు చెప్పినవాళ్లను, ఆ ఆట కనిపెట్టినవాణ్ణి వరుసగా తిట్టుకుంటూ తీగ దగ్గరికొచ్చి బండ మీద కూలబడ్డాడు. తన సంతకంతోనే తన తీగకు ఉరి పడుతోంది. ఏడుపొచ్చింది. ఏడిస్తే ఆ అద్దాల్లోంచి ఎవడైనా చూస్తాడని మానుకున్నాడు.

కొంచెం అవతల, పంపుల గది నీడలో, ఊడ్చే మనిషి నీలమ్మ డబ్బా విప్పుకుని జొన్నరొట్టె తింటోంది. నీలమ్మ అన్న పేరు మనకు తెలుసు గాని ఆయనకు తెలియదు. మూడేళ్లుగా వచ్చినప్పుడల్లా కనబడే మనిషే, ఏనాడూ అడగలేదు. ఆమె చీపురు గోడకు ఆనించి ఉంది. దాని పుల్లల మధ్య ఏదో ఇరుక్కుని ఆయన కంటబడింది. వాడి, గోధుమరంగుకు తిరిగి, ముడుచుకుపోయి ఉంది. దగ్గరికెళ్లి మెల్లగా లాగి అరచేతిలో పెట్టుకుని గోటితో విప్పాడు. ఐదు కొసలు. గొంతులో ఊదా మరక.

దాన్ని ఆమె ముందుకు చాచాడు. "ఇదెక్కడిది అమ్మాయ్?"

"గా పువ్వా? తీగది సారూ. నాల్గు దినాల సంది ఊడ్వలేక నడుం వోతున్నది."

"ఏ తీగది?"

"ఇంకే తీగ ఉన్నదిక్కడ? నీ తీగదే." ఆమె గడ్డం ఎత్తి చెట్టుకేసి చూపించింది. "నేను ఐదున్నరకు డ్యూటీల వడేసరికి తెల్లగ విచ్చుకొని ఉంటయి. జర ఎండ తగిలిందో, టపటప రాల్తయి. ఏడు కొట్టేలోపట మొత్తం సాఫ్ జెయ్యాలె. ఎనిమిదింటికి బుల్లిబాబు సారొచ్చి ఫోటో కొడ్తడు గద. కింద ఒక్క ఆకు కనవడ్డా మెమోనే."

బుల్లిబాబు అంటే ఊడ్చేవాళ్ల మీద సూపర్‌వైజరు. ఉద్యోగులు వచ్చే వేళకు నేల అద్దంలా ఉందని పైవాళ్లకు రోజూ ఫోటో పంపడం ఆయనగారి ఘనకార్యం.

"ప్రతి ఏడూ పూస్తుందా?"

"మిరుగం కార్తె వచ్చి ఒక్క గట్టి వాన వడ్డదంటే, వారం తిరిగేసరికి పూస్తది. పది దినాలు పూసి ఇగ ఊకుంటది. నేను పెండ్లయి కొత్తగూడకు వచ్చినప్పటి సంది గింతే. అప్పుడు గీ బండల మీద మేకలు కాసేటోళ్లం. మేకలు ఎగవడి తింటుండె ఆ పూలను. ఇక్కడ పనిల వడి ఏడేండ్లాయె, ఏడేండ్ల సంది ఎత్తిపోస్తున్న."

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడం అంటే ఇదే. పెద్ద చదువులు చదివిన పెద్దమనిషి మెడ పైకెత్తి ఆకులు లెక్కపెడుతుంటే, ఆయన పాదాల కిందే రెండు గంటల ముందు దాకా పూలు పరుచుకుని ఉన్నాయి. పూలన్నీ ఆకాశం కేసి విచ్చుకునేవి గనుక కింద నిలబడ్డవాడికి ఆకుల అడుగుభాగం తప్ప ఏదీ కనబడదు. రాలినవి తట్టలోకి, తట్టలోంచి చెత్తగుంటలోకి. తొమ్మిదిన్నరకు 'పూత లేదు'.

"నాకు చెప్పొద్దూ?" అన్నాడు కోపంగా. తప్పు తనదని తెలిసినప్పుడు కూడా ఆయనకు ముందు కోపమే వస్తుంది.

"చెప్పిన గద సారూ. నువ్వొచ్చిన మొదటేడే."

"నాకెప్పుడూ చెప్పలేదు. చెబితే రాసుకునేవాణ్ణి. నేను అన్నీ రాస్తాను."

నీలమ్మ రొట్టె ముక్క నోట్లో పెట్టుకుని, "సరే, అట్లనే అనుకో" అంది.

ఆయన గొంతు మార్చాడు. జేసీబీ సంగతి చెప్పాడు. ఆమె నమలడం ఆపింది. "బండలు గూడనా?" అని అడిగి, అవునంటే చేతిలోని రొట్టె డబ్బాలో పెట్టేసింది.

"రేపొక్క పూట ఊడవకు. పది దాకా పూలు అలాగే ఉంచు. అందరూ చూస్తారు."

"ఏం మాట్లాడుతున్నవ్? మా దాంట్ల మూడు మెమోలయితే పనిలకెల్లి తీసేస్తరు. నాకు రెండున్నయ్. ఒకటి జరమొచ్చి రాకుంటె ఇచ్చిన్రు. ఇంకోటి, సార్లను పరేషాన్ చేసిన్నని ఎవడో చాడీ చెప్పిండంట. ఎవడో నాకిప్పటిదాంక తెల్వది. వాని నోట్ల మన్ను వడ."

"అలాంటివేమీ రాకుండా నేను చూసుకుంటానమ్మా."

"నువ్వేం చూస్తవ్ సారూ? మూడేండ్ల సంది చూస్తనే ఉన్నవ్ గద."

ఇంకెవరైనా ఆ మాట అని ఉంటే యజ్ఞనారాయణ అగ్గిమీద గుగ్గిలం అయ్యేవాడు. ఆ పూట తల దించుకున్నాడు. నీలమ్మ డబ్బా మూత పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుని, కాస్త మెత్తబడింది. "ఒక పని చెయ్. పొద్దుగాల ఐదున్నరకు ఎన్క గేటు కాడికి రా, మా హౌస్ కీపింగోళ్ల గేటు. నీకు చీటీ గీటీ అక్కరలేదు. చెట్టు కింద నువ్వే నిలవడు. సారు నిలవడ్డడు, ఎట్ల ఊడ్వాలె అని నేనంట."

గురువారం సంధ్య లేదు, కాఫీ లేదు. చీకటి ఉండగానే ఆటో ఎక్కి, చీపుళ్లు బకెట్లు పట్టుకున్న ఆడవాళ్ల వెనక వరుసలో నిలబడి ఆయన లోపలికి వెళ్లాడు. నీలమ్మ ఆయన్ను చెట్టు కిందికి తీసుకుపోలేదు. బండల వెనక నుంచి ఒకప్పటి మేకల దారి ఉంది, దాని మీదికి ఎక్కించింది. "కాలు గిక్కడ వెట్టు. గిది వట్టుకో. కిందికి చూడకు" అంటూ చిన్నపిల్లాణ్ణి నడిపించినట్టు నడిపించింది. ఆయన చేతుల మీదా మోకాళ్ల మీదా పాకుతూ, రొప్పుతూ పై బండ చేరి తల ఎత్తాడు.

చెట్టు తల మొత్తం తెల్లగా ఉంది. వందలు కాదు, వేలు. ఒక్కొక్కటీ బొటనవేలంత గొట్టం, పైన ఐదు కొసల చుక్క, గొంతులో ఊదా మరక. మూడోదే. అట్ట మీది ఎండుటాకుగా తప్ప చూడని ఆ మూడోదే. వాసన కొత్తబియ్యం ఉడుకుతున్నప్పటిలా వచ్చింది. ఆయనకు సంతోషం పట్టలేక ఏడుపొచ్చింది. ఈసారి ఆపుకోలేదు. వెంటనే సిగ్గూ వేసింది. అరవై ఎనిమిదిసార్లు, అంత గట్టిగా, అంత గుండ్రని అక్షరాలతో ఏమని రాశాడు!

"మూడేండ్లు కిందికెల్లి చూసినవ్" అంది నీలమ్మ. ఇంకేమీ అనలేదు.

సూర్యుడు అద్దాల మేడ అంచు దాటాడు. ఒక పువ్వు రాలింది. తర్వాత ఇంకోటి. తర్వాత ఆగలేదు. ఆయన గబగబా దిగి, చెట్టు కింద నిలబడి, నెత్తి మీదా భుజాల మీదా పూలు పడుతుంటే దొంగలా చుట్టూ చూశాడు. నీలమ్మ మిగతా ఆవరణంతా ఊడ్చి, ఆ ఒక్క జాగా వదిలేసింది.

సరిగ్గా ఎనిమిదింటికి బుల్లిబాబు ఫోను పట్టుకుని వచ్చాడు. "ఏవండీ మేష్టారూ, కాస్త పక్కకి తప్పుకోండి. ఏంటండీ ఈ చెత్త? ఏమ్మా, కళ్లు కనబడట్లేదా?"

"చెత్త కాదయ్యా, పూలు!"

"పూలైతే దేవుడికి పెట్టుకోండి. నేల మీదుంటే నా లెక్కలో చెత్తేనండి."

యజ్ఞనారాయణ కదల్లేదు. బుల్లిబాబు బతిమాలాడు, బెదిరించాడు, చివరికి ఆయన్ను కూడా కలిపి ఫోటో తీసుకుని పైకి పంపాడు. తొమ్మిది దాటాక ఉద్యోగులు రావడం మొదలైంది. ఒకరు ఆగితే పదిమంది ఆగారు. పూలు అప్పటికే అంచుల్లో గోధుమరంగు తిరుగుతున్నా ఫోన్లన్నీ బయటికొచ్చాయి. పువ్వు కంటే పువ్వు పక్కన తమ మొహం బాగా పడిందా లేదా అన్నదే వాళ్ల దిగులు. ఆ గుంపును తప్పించుకుంటూ ఆదర్శ్ వచ్చాడు.

"వావ్ సర్! కంగ్రాట్స్!" అన్నాడు. అంతలోనే మొహం చిన్నబుచ్చుకున్నాడు. "బట్ ఇది ఒక్క సీజనే కదండీ. పాలసీ రెండంటోంది. పాత మూడేళ్లూ మీ డేటాలో జీరో."

"డేటా తప్పయ్యా! నేను వేళ తప్పి వచ్చాను. ఈవిడ ఏడేళ్లుగా ఊడుస్తోంది, అడుగు."

"ఇప్పుడు నోటిమాటగా చెబితే ఎలా తీసుకుంటాం సర్? అప్పట్లో, ఆ డేట్‌తో రాసిందేదైనా ఉండాలి."

నీలమ్మ చీపురు మీద ఆనుకుని నిలబడి ఉంది. "మొదటేడు చెప్పిన. రాసుకున్నడేమో ఆ బుక్కుల చూడుండ్రి. అన్నీ రాస్తడంట గద."

యజ్ఞనారాయణ రిజిస్టరు తెరిచి మొదటి ఏడు జూన్ నెల దగ్గరికి పేజీలు తిప్పాడు. పద్నాలుగో తేదీ. పదిహేడు. ఇరవై ఒకటి. అక్కడ ఆయన వేలు ఆగిపోయింది. ఆ పేజీ అప్పటికి ఎవరూ చూడలేదు; కంపెనీకి ఇచ్చిన రిపోర్టుల్లోకి 'పూత లేదు' అన్న మాటే ఎక్కింది. రిజిస్టరు మూసి, 'లేదు' అంటే అయిపోయేది. పరువు దక్కేది, తీగ పోయేది. ఆదర్శ్ గడియారం చూసుకున్నాడు. యజ్ఞనారాయణ ముప్పై మంది ముందు, క్లాసులో చదివినట్టు పైకే చదివాడు.

"జూన్ ఇరవై ఒకటి, మంగళవారం. ఉదయం తొమ్మిదీ నలభై. పూత లేదు. ఊడ్చే మనిషెవరో వచ్చి, ఈ తీగకు తెల్లవారుజామున చుక్కల్లాంటి తెల్లని పూలు పూస్తున్నాయనీ, ఎండ రాగానే రాలిపోతున్నాయనీ, వారం నుంచి రోజూ తట్టెడు ఎత్తిపోస్తున్నాననీ చెప్పింది." ఆయన వేలు కింది వరుసకు జరిపాడు. "చదువు రానివాళ్ల మాట పట్టుకుని శాస్త్రం నడవదు. పనికి అడ్డం వస్తోంది గనుక ఈమెను నా దగ్గరికి రానివ్వవద్దని సూపర్‌వైజరుకు చెప్పడమైనది."

బుల్లిబాబుకే ముందుగా నోరు లేచింది. "అవునండి, మీరు చెబితేనే కదండీ నేను మెమో ఇచ్చింది" అన్నాడు, తన తప్పేమీ లేదని తేలిపోయినందుకు హాయిగా.

ఆదర్శ్ రిజిస్టరు తీసుకుని ఆ నాలుగు వాక్యాలూ మళ్లీ చదువుకున్నాడు. "డేట్ ఉంది, టైమ్ ఉంది, పూల డిస్క్రిప్షన్ ఉంది. ఇది రికార్డే సర్. రెండో సీజన్ దొరికింది. జేసీబీ క్యాన్సిల్ చేయిస్తాను." తర్వాత గొంతు తగ్గించి, ఆయన చెవి దగ్గర, "స్కాన్ చేసేటప్పుడు ఆ చివరి లైన్లు క్రాప్ చేసేద్దామా సర్?" అన్నాడు.

"పేజీ మొత్తం వెయ్యి" అన్నాడు యజ్ఞనారాయణ. "నాది చదువు రాని రాత, కనబడనీ. ఆ మెమో కూడా కొట్టించెయ్యి బాబూ. అది ఆవిడకి కాదు, నాకివ్వాల్సింది."

గుంపు కరిగిపోయింది. ఎవరి తాడు వాళ్లు సవరించుకుని లిఫ్టుల వైపు వెళ్లిపోయారు. నీలమ్మ ఒక్కతే కదలకుండా ఆయన్నే చూస్తోంది.

"ఆ చాడీ నీదేనా సారూ?"

"నాదేనమ్మా."

"నేను వాని నోట్ల మన్ను వడ అన్న నిన్న."

"తప్పేం లేదు. పడాల్సిందే."

ఆమె దానికి కాదనలేదు. ఆయన బండ మీద కూర్చుని, కొత్త పేజీ తీసి, తేదీ వేసి, పూసిన వేళ, రాలిన వేళ, రంగు, వాసన, అన్నీ రాశాడు. చివర 'పరిశీలించినవారు' అన్న మాట దగ్గర పెన్ను ఆగింది. అరవై ఎనిమిదిసార్లు అక్కడ తన పేరే పెట్టుకున్నాడు. తల ఎత్తి, మూడేళ్లలో మొదటిసారి అడిగాడు.

"మీ పేరేంటమ్మా?"

నీలమ్మ చీపురు ఝాడించి, కొంగు నడుముకు దోపుకుంది.

"ఆ మెమో మీద ఉంటది, చూస్కో. ఇగ జర జరుగు సారూ, ఊడ్వాలె."